రైల్లో దివ్యాంగుల రాయితీ: కౌంటరు మేలా, ఫోను మేలా?

తిరుపతి, చిత్తూరు నుంచి రైలెక్కే దివ్యాంగులకు రిజర్వేషన్ రాయితీ టికెట్ రెండు చోట్ల దొరుకుతుంది. డాక్టరు ఇచ్చిన రైల్వే ఫారం ఉంటే కౌంటర్లో, రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఉంటే ఫోన్లో, ఐఆర్‌సీటీసీ యాప్‌లో. తగ్గింపు మాత్రం ఒకటే. తోడు లేనిదే ప్రయాణం చేయలేనివారికి, పూర్తిగా చూపు లేనివారికి స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం. తోడొచ్చే ఒకరికీ అంతే.

తగ్గేది మూల చార్జీ ఒక్కటే. అది 400 రూపాయలనుకోండి, 100 కట్టాలి. స్లీపర్ రిజర్వేషన్ 20, సూపర్‌ఫాస్ట్ 30 కలిపితే 150. ఫోన్లో యూపీఐతో కడితే జీఎస్టీతో 11.80 ఎక్కువ, అదీ ఇద్దరికీ కలిపి ఒక్కసారే. స్టేషన్‌కు పోయివచ్చే ఆటో ఖర్చు ముందు అదొక లెక్కా!

చిక్కంతా కాగితాల దగ్గరే. వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ చూపిస్తే రాయితీ రాదు, అందులో ఎంత శాతమున్నా సరే. రైల్వే నమూనా ఫారమే కావాలి, తిరుపతి రుయా లాంటి ప్రభుత్వాసుపత్రి డాక్టరు దాన్ని పూర్తిచేయాలి. ఫొటో మీద సంతకం, ముద్ర సగం ఫొటోపైన, సగం కాగితంపైన పడాలి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చదవగలిగేలా ఉండాలి. ఫారంలో మనకు వర్తించని వైకల్యాలను కొట్టేయించాలి. ముద్ర అలుక్కుపోయినా కార్డు దరఖాస్తు వెనక్కి వస్తుంది.

కార్డు ఇచ్చేది రైల్వే గుంతకల్లు డివిజన్. మూడు వందల కిలోమీటర్లు పోనక్కర్లేదు, రైల్వే దివ్యాంగజన్ పోర్టల్లో కాగితాలు అప్లోడ్ చేస్తే చాలు. ఆసుపత్రి నుంచి నిర్ధారణ రావాలి కాబట్టి ఆలస్యం మామూలే. అందాకా కౌంటరే గతి, ఫారం ఒరిజినల్‌తో పాటు జిరాక్సు పట్టుకుపోండి.

కార్డు చేతికొచ్చాక ఫోనే మేలు. వెయిటింగ్ లిస్టులో ఉండిపోతే ఈ-టికెట్ దానంతటదే రద్దయి డబ్బు ఖాతాలో పడుతుంది. కౌంటరు టికెట్‌నైతే రైలు బయలుదేరే అరగంట ముందులోగా మనమే రద్దు చేయించుకోవాలి. ఫోన్లో రాయితీ గడిలో టిక్ పెట్టడం మరిస్తే పూర్తి చార్జీ పడుతుంది, అదొక్కటి చూసుకోండి. తత్కాల్‌లో ఎక్కడ కొన్నా రాయితీ లేదు. ప్రయాణంలో ఒరిజినల్ కార్డు దగ్గరుండాలి.