పెద్ద బ్యాటరీతో కర్నూలు నుంచి తిరుమలకు: దారి సుఖం, లాడ్జి దండుగ

ఎలక్ట్రిక్ కారు (ఈవీ)లో పోయి తిరుపతిలో గది తీసుకునేవారు ‘ఈవీ చార్జింగ్ కలదు’ అన్న ప్రకటనను, ప్లగ్గు ఫొటో చూడనిదే నమ్మవద్దని ముందుగానే చెబుతున్నాను. రాత్రికి 3,200 రూపాయలు పెట్టి మేము దిగిన లాడ్జిలో ఆ సదుపాయం జనరేటర్ గది పక్క గోడకున్న ఒక 15 ఆంపియర్ల సాకెట్టు మాత్రమే. సాకెట్టయినా ఫర్వాలేదు, గంటకు మూడు యూనిట్ల చొప్పున రాత్రంతా ఎక్కితే కొండ ఎక్కి దిగి తిరుగు ప్రయాణంలో కడప చేరడానికి సరిపోతుంది. అయితే కేబులు తగిలించగానే చార్జర్ పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమంది. ఎర్తింగ్ లేకపోతే ఈ చార్జర్లు కరెంటు తీసుకోవు, తీసుకోకూడదు కూడా. ఆ సంగతి చెబితే మేనేజరు, “మా బాయిల స్కూటర్లన్నీ ఇక్కడే ఎక్కుతాయి సార్, మీ కారులోనే ఏదో ఉంది” అన్నాడు. ఒక్క యూనిట్ కూడా ఎక్కకపోయినా మర్నాడు బిల్లులో చార్జింగ్ కింద 600 రూపాయలు వేశారు. అరగంట వాదిస్తే సగం తగ్గించారు. ఆ మిగిలిన 300 ఎందుకు ఇచ్చామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ మాత్రం “దర్శనానికి వచ్చి గొడవెందుకు, ఇచ్చి రాండి” అని లిఫ్టు దగ్గర నుంచే తేల్చేసింది.

ఇంతకుముందు మా దగ్గర 30.2 యూనిట్ల బ్యాటరీ ఉన్న మొదటి తరం టాటా నెక్సాన్ ఈవీ ఉండేది. పరీక్షశాల లెక్కలో దాని రేంజి, అంటే ఒకసారి నింపితే నడిచే దూరం, 312 కిలోమీటర్లు. హైవే మీద ఏసీ వేసుకుని నలుగురం కూర్చుంటే నాకు 180 వచ్చేది. కర్నూలు నుంచి కడప దాదాపు 205 కిలోమీటర్లు కాబట్టి ఆళ్లగడ్డ, మైదుకూరు మధ్య ఎక్కడో ఒకచోట ఆగక తప్పేది కాదు, ఆగినచోట చార్జింగ్ గన్ను పనిచేయకపోతే ముందుకు కదలడానికీ ఉండేది కాదు. ఒకసారి మే నెల ఎండలో, చార్జర్ ముందు ఎవరో డీజిలు కారు అడ్డం పెట్టి భోజనానికి పోతే, బ్యాటరీ మిగుల్చుకోవడానికి ఏసీ ఆపి వేపచెట్టు కింద కూర్చున్నాము. “బస్సుకు పోయింటే ఈపాటికి కొండ మీద ఉందుము గదా నాయనా” అని మా అత్తగారు అన్నమాటకు నా దగ్గర సమాధానం లేదు. కారు మార్చడానికి అసలు కారణం ఆ మాటే.

కొత్తది అదే బండిలో 45 యూనిట్లది. కాగితం మీద 489 కిలోమీటర్లు. తొంభై వేగం దాటకుండా నడిపితే 300 వస్తున్నది. పాతదానికి పాత కార్ల వ్యాపారి కట్టిన ధర వింటే కడుపు మండింది. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఇంకా మిగిలి ఉందని కాగితాలు చూపినా, “ఎలక్ట్రిక్ కదా సార్” అన్న ఒక్క మాటతో లక్ష తగ్గించాడు. అమ్మేవారు షోరూములో మార్పిడికి ఇచ్చే ధర కూడా అడిగి చూడాలి. మాకు అక్కడే ఎక్కువ వచ్చింది.

ప్రయాణం విషయానికి వస్తే, నంద్యాల మీదుగా కడప దాకా ఎక్కడా ఆగలేదు. అక్కడికి చేరేసరికి 31 శాతం ఉంది. బైపాసు మీద ఒక హోటలు ఆవరణలో గన్ను తగిలించి ఎర్రకారం దోశలు తిన్నాము. అంచుల వెంట కరకరలాడుతూ, మధ్యలో కారం, పప్పుల పొడి కలిసి మెత్తబడిన ఆ దోశ ఒక్కొక్కటి 60 రూపాయలు. అత్తగారు రెండోది తనే అడిగి వేయించుకున్నారు. నలభై నిమిషాలలో 85 శాతం అయింది: 25 యూనిట్లు, యూనిట్ 20 చొప్పున 500, జీఎస్టీ 90, మొత్తం 590 రూపాయలు. అయితే చార్జర్ బోర్డు మీద 60 కిలోవాట్లని రాసి ఉన్నా, రెండో గన్నుకు మరో కారు తగిలితే శక్తి చెరిసగమవుతుంది. వీలైతే ఖాళీగా ఉన్న యంత్రమే చూసుకోవాలి.

ఒంటిమిట్టలో కోదండరాముణ్ణి చూసుకుని తిరుపతి చేరేసరికి 38 శాతం మిగిలింది. లాడ్జివాళ్లు చేసిన నిర్వాకం వల్ల ఆ 38తోనే మర్నాడు కొండ ఎక్కాము. ఘాట్ రోడ్డు 13 శాతం తిన్నది, దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా మోటారే కరెంటు పుట్టించడంతో రెండు తిరిగి వచ్చాయి. దిగేవారు బ్యాటరీ నిండుగా పెట్టుకోకూడదు, నిండుగా ఉంటే బ్రేకుల నుంచి వచ్చే కరెంటుకు చోటుండదు. దర్శనమై అలసిన అత్తగారిని వెనక సీట్లో పడుకోబెట్టి, రేణిగుంట దారిలో 30 యూనిట్లకు 708 రూపాయలు కట్టి నింపుకున్నాము. అక్కడ మొదటి యంత్రం పనిచేయలేదు. పాత కారయితే గుండె జారేది. 27 శాతం చేతిలో ఉంది కనుక వాదన పెట్టుకోకుండా ఎనిమిది కిలోమీటర్ల అవతలి దానికి వెళ్లిపోయాము.

కర్నూలు చుట్టూ కోడుమూరు, ఎమ్మిగనూరు, నంద్యాల వరకే తిరిగేవారికి పాత బ్యాటరీ ఇంకా సరిపోతుంది. వారు తొందరపడి మార్చవద్దు. ఏటా తిరుపతికి పోయేవారు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంట తీసుకుపోయేవారు, 45కు తక్కువది చూడకూడదు. గది తీసుకునే ముందు మాత్రం సాకెట్టుకు ఎర్తింగ్ ఉందా అని ఫోనులోనే అడిగి, యూనిట్ రేటు వాట్సాపులో రాయించుకోవాలి.