సీపాప్ పెట్టుకుని పక్కకి తిరిగి పడుకోవడం: మూడేళ్లు వాడాక నా మాట

నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బుని స్లీప్ అప్నియా అంటారు. అది ఉన్నవాళ్లకి రాత్రంతా మాస్క్ ద్వారా గాలి నెట్టి ఆ దారి తెరిచి ఉంచే మెషినే సీపాప్. అది కొనాలనుకునేవాళ్లు నన్ను మెషిన్ గురించే అడుగుతారు. ఏ కంపెనీ, రేటెంత, చప్పుడు వస్తుందా అని. నేను ఎదురు అడిగేది ఒక్కటే: మీరు ఎటు తిరిగి పడుకుంటారు? మూడేళ్లు దాటి వాడాక నాకు తేలింది ఇదే. మంచి మెషిన్లన్నీ గాలి బాగానే ఇస్తాయి. ఆ గాలి తెల్లారేదాకా మన ముక్కులోకి సరిగ్గా వెళ్తుందా లేదా అన్నది మాస్క్ రకం, దిండు ఎత్తు, గొట్టం వచ్చే దారి తేలుస్తాయి. ఈ మూడూ మనం పడుకునే తీరుతో కుదరాలి.

ముందు నా సంగతి. వయసు యాభై దగ్గర, పొట్టి మెడ, కాస్త పొట్ట. ఉండేది విశాఖ మురళీనగర్‌లో, ఆఫీసు పోర్టు వైపు. కాన్వెంట్ జంక్షన్ సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టిందని తెలిశాక ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు. ఆస్పత్రిలో ఒంటినిండా వైర్లు తగిలించి రాత్రంతా చేసిన స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ 34 వచ్చింది. అంటే గంటకి 34 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్నమాట. 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. అందరూ ఈ ఒక్క అంకె చూసి రిపోర్టు మడిచేస్తారు. లోపలి పేజీలో ఇంకో రెండు అంకెలున్నాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు 51, పక్కకి తిరిగినప్పుడు 16.

కారణం తేలికే. వెల్లకిలా పడుకుంటే నాలుక, అంగిట్లోని మెత్తటి భాగం బరువుకి వెనక్కి జారి గొంతు దారిని మూసేస్తాయి. పక్కకి తిరిగితే ఆ బరువు దారికి అడ్డంగా పడదు. "అయితే పక్కకి పడుకుంటే మెషిన్ అక్కర్లేదా డాక్టరుగారూ?" అని ఆశగా అడిగాను. "16 మాత్రం తక్కువా అండీ? పైగా నిద్రలో మీరు ఎటు తిరిగారో మీకేం తెలుస్తుంది?" అన్నారు. స్లీప్ అప్నియా ఉన్నవాళ్లలో కొందరికి పక్కకి పడుకోవడంతోనే చాలావరకు తగ్గుతుంది. నాకు అది సగం పని చేసింది, మిగతా సగం మెషిన్ చేస్తోంది.

నాది రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 ఆటోసెట్. డాక్టరు పెట్టిన ప్రెషర్ 6 నుంచి 14 దాకా, సెంటీమీటర్ల నీటి లెక్కన. ఆ హద్దుల్లో ఎప్పుడు ఎంత కావాలో మెషినే చూసుకుంటుంది. దీనికి మెమరీ కార్డు ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే రాత్రి ఏ టైముకి ఎంత గాలి ఇచ్చిందో గీతలు గీసి చూపిస్తుంది. మనం ఎటు తిరిగామో మాత్రం దానికి తెలియదు. అది మనమే గుర్తుపెట్టుకోవాలి, లేదా పక్కనున్నవాళ్లు చెప్పాలి. మా ఆవిడ చెప్పేది. ఆ మాట, ఆ గీత పక్కపక్కన పెట్టి చూస్తే వెల్లకిలా ఉన్నప్పుడు ప్రెషర్ 12 దాకా ఎక్కుతోంది, పక్కకి ఉంటే 8, 9 దగ్గర నిలుస్తోంది. ప్రెషర్ తక్కువైతే మాస్క్ లీకు తగ్గుతుంది, కడుపులోకి గాలి పోయి పొద్దున్నే ఉబ్బరంగా ఉండటం తగ్గుతుంది. సుఖం అంతా ఈ మూడు నాలుగు పాయింట్ల తేడాలో ఉంది.

ఇక మాస్క్. డీలర్ కుర్రాడు మొదట ఇచ్చింది ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ రకం. కుర్చీలో కూచోబెట్టి, పట్టీలు బిగించి, "సరిపోయింది సార్" అన్నాడు. కుర్చీలో సరిపోయిన మాట నిజమే. రాత్రి కుడిపక్కకి తిరిగేసరికి దిండు మాస్క్‌ని ఎడమకి తోసింది, గాలి బుస్సుమని కంట్లోకి కొట్టింది. పొద్దున్న కళ్లు ఎర్రగా, పొడిబారి ఉన్నాయి. పట్టీలు ఇంకా బిగిస్తే లీకు ఆగుతుందనిపిస్తుంది గానీ, మాస్క్ పని చేసే తీరు వేరు. దాని అంచున పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. అది గాలికి ఉబ్బి చర్మానికి ఆనుకోవాలి. మరీ బిగిస్తే నలిగి ముడతలు పడుతుంది, ఆ ముడతల్లోంచే గాలి పోతుంది. అందుకని మాస్క్ సరిచూసుకోవలసింది పడుకుని, గాలి ఆన్ చేసి, మనం నిద్రపోయే వైపుకి తిరిగి. లీకు వస్తే మాస్క్‌ని మొహం మీంచి కాస్త పైకి లాగి వదిలితే పొర మళ్లీ సర్దుకుంటుంది. కొనే చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఈ మెషిన్ లెక్కలో లీకు నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువైనట్టు. ఫుల్ ఫేస్‌తో పక్కకి పడుకున్న రాత్రుల్లో నాది ఆ గీత దాటుతూనే ఉండేది. అయినా మనం అదృష్టవంతులమే. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ ఈ చికిత్స గురించి మొదట ప్రకటించిన రోజుల్లో మాస్క్‌ని రాత్రి రాత్రికీ మొహానికి జిగురుతో అంటించేవారు. పక్కకి తిరిగే మాట దేవుడెరుగు.

తర్వాత ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నేజల్ పిల్లోస్ వాడాను. ఎయిర్‌ఫిట్ పీ10 అనే రకం. చాలా తేలిక. మొహం మీద ఏదో ఉందన్న సంగతే మరిచిపోతాం. బోర్లా పడుకునేవాళ్లకి ఇంతకన్నా వేరే దారి నాకు కనబడలేదు, మా బావమరిది అలాగే లాగిస్తున్నాడు. నాకు మాత్రం ప్రెషర్ 10 దాటిన రాత్రుల్లో ముక్కు లోపల మంట పుట్టేది. ఇప్పుడు వాడుతున్నది ముక్కు కింద ఆనే రకం, గొట్టం నడినెత్తి మీద తగులుకుంటుంది. గాలి రెండు చెంపల పక్కనున్న మెత్తటి గొట్టాల్లోంచి దిగుతుంది. ఒక పక్కకి పడుకుని ఒక గొట్టం నలిగినా రెండోది పని చేస్తూ ఉంటుంది. పక్కలు మార్చేవాళ్లకి ఇదే నా ఓటు. ఎటు తిరిగినా గొట్టం మెడకి చుట్టుకోదు. జలుబు చేసినప్పుడు ముక్కుతో పనిచేసే మాస్క్‌లు దండగ, అందుకే పాత ఫుల్ ఫేస్‌ని పారేయకుండా బీరువాలో ఉంచాను.

ఇంట్లో అందరికీ ఈ గొట్టమే వినోదం. మొదటిసారి చూసి మా అమ్మ "ఏట్రా ఇది, ఏనుగు తొండంలాగ?" అంది. ఆ గొట్టం ఆరడుగుల పొడవు. మామూలుది లావుగా, బరువుగా ఉంటుంది, మనం తిరిగినప్పుడల్లా మాస్క్‌ని లాగుతుంది. 15 మిల్లీమీటర్ల సన్నరకం దొరుకుతుంది, దానికి మారాక తేడా మొదటి రాత్రే తెలిసింది. గొట్టం రకం మారిస్తే మెషిన్ సెట్టింగ్‌లో కూడా మార్చాలి, మరిచిపోవద్దు. మంచం తలవైపు కిటికీ ఊచకి గుడ్డపీలికతో వదులుగా కట్టి, అక్కణ్ణుంచి దిగేలా పెట్టాను. మెషిన్ మంచం కన్నా కింద, చిన్న స్టూల్ మీద ఉంటుంది. గొట్టంలో నీళ్లు చేరినా చాలావరకు వెనక్కే పోతాయి.

దోమల సంగతి విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మేం దోమతెర కట్టుకునే పడుకుంటాం. మెషిన్ తెర బయట, గొట్టం పరుపు అంచు కింద నుంచి లోపలికి అనుకుంటే తెర లేస్తుంది, దోమలు వచ్చేస్తాయి. తలవైపు తెరకి చిన్న కన్నం పెట్టి, దాని చుట్టూ ఎలాస్టిక్ కుట్టించాం. టైలర్ ఎందుకని అడిగి, చెప్తే నమ్మలేదు.

ఇప్పుడు దిండు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా దీనికే ఎక్కువ మార్కులు. సీపాప్ దిండు అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు, మెమరీ ఫోమ్‌ది, మాస్క్ పట్టేలా రెండు పక్కలా చెక్కేసి ఉంటుంది. ఆలోచన మంచిదే, కొని చాన్నాళ్లు వాడాను. మన ఊళ్లో మే నెల ఉక్కకి అది వేడెక్కి చెంపంతా చెమట పట్టేది, చెమట పడితే సిలికాన్ జారేది. పైగా నా భుజాలకి అది ఎత్తు ఎక్కువ. చివరికి ఇంట్లో ఉన్న పాత బూరుగుదూది దిండే గెలిచింది. బూరుగుదూదిని చేత్తో నొక్కి ఎక్కడ కావాలంటే అక్కడ గుంట చెయ్యొచ్చు, అది అలాగే ఉంటుంది. తలని దిండు మధ్యలో పెట్టకుండా అంచు మీద పెట్టి, మాస్క్ దిండు అంచు దాటి గాల్లో ఉండేలా పడుకుంటే తోపులాట ఉండదు.

ఎత్తు ఎంత ఉండాలంటే, పక్కకి పడుకున్నప్పుడు చెవికీ భుజం కొసకీ మధ్య ఖాళీ నిండాలి. అంతకన్నా తక్కువైతే మెడ కిందకి వాలుతుంది, ఎక్కువైతే పైకి వంగుతుంది. అన్నిటికన్నా చెడ్డది గడ్డం ఛాతీ మీదకి వంగడం. ఎత్తు దిండ్లు రెండేసుకుని వెల్లకిలా పడుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా. అలా మెడ వంగితే గొంతు దారి నలుగుతుంది, సీపాప్ ప్రెషర్ పెంచినా లాభం తక్కువ. ఆస్కార్ గీతల్లో ఊపిరి ఆగిన గుర్తులు కాసేపు గుత్తులుగా వచ్చి, తర్వాత ఏమీ లేకుండా పోతే, ఆ కాసేపూ గడ్డం వంగిందేమో అనుమానించాలి. నాకు దిండు మార్చాకే ఆ గుత్తులు పల్చబడ్డాయి.

నిద్రలో వెల్లకిలా తిరగకుండా బనీను వీపుకి జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టుకునే పాత కిటుకు కూడా చూశాను. పని చేస్తుంది, కాకపోతే తిరిగిన ప్రతిసారీ గుచ్చి మెలకువ తెప్పిస్తుంది. నిద్ర కోసం మెషిన్ కొనుక్కుని నిద్ర చెడగొట్టుకోవడం ఎందుకు? వీపు వెనక గట్టి పొడుగు దిండు పెట్టుకోవడం మేలు. మోకాళ్ల మధ్య ఇంకోటి పెడితే నడుం పట్టదు. ఒకే పక్క రాత్రంతా ఉంటే భుజం సలుపుతుంది కాబట్టి రెండు పక్కలూ అలవాటు చేసుకోవాలి. రాత్రి ఆలస్యంగా తిని పడుకుంటే నాకు ఛాతీలో మంట, అలాంటప్పుడు ఎడమపక్కే నయం.

ఎడమపక్కకి ఒక చిక్కుంది. మనం వదిలే ఊపిరి బయటికి పోవడానికి మాస్క్‌కి చిన్న చిల్లులు ఉంటాయి, వాటిలోంచి గాలి నిరంతరం వస్తుంది. నేను ఎడమకి తిరిగితే అది నేరుగా మా ఆవిడ మొహానికి తగులుతుంది. "ఏమండీ, ఫ్యాన్ మీ దగ్గరుందా?" అని లేపేది. ఇద్దరం మంచం మీద చోట్లు మార్చుకున్నాం, అంతటితో ఆ గొడవ తీరింది. గురక పోయిందని ఆవిడకి ఎలాగూ సంతోషమే.

తలకి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్లకి ఒక మాట. నూనె తగిలిన సిలికాన్ జారుతుంది, తొందరగా పాడవుతుంది కూడా. పడుకునే ముందు సబ్బుతో మొహం కడుక్కుని, పొద్దున్న మాస్క్‌ని సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరేస్తాను. మెషిన్‌కి నీళ్ల డబ్బాతో గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫైయర్ ఉంటుంది. సముద్రం పక్కన ఉంటూ గాలిలో తేమ ఇంత ఉండగా అది ఎందుకని నేనూ అనుకున్నాను, ఏసీ లేని రాత్రుల్లో దాన్ని బాగా తగ్గించే పెడతాను. ఏసీ వేస్తే మాత్రం కావాలి. అప్పుడు గొట్టంలో ఆవిరి చల్లబడి గుడగుడమంటుంది. వేడి గొట్టం అయితే ఆ బాధ ఉండదు. లేనివాళ్లు పాత నూలు చీర గుడ్డతో గొట్టానికి తొడుగు కుట్టించుకుంటే చాలావరకు ఆగుతుంది.

కరెంటు పోతే ఏమిటని అందరూ భయపడతారు. ఫుల్ ఫేస్ మాస్క్‌కి గాలి ఆగితే తెరుచుకునే వాల్వ్ ఉంటుంది, ముక్కు మాస్క్ అయితే నోరు ఎలాగూ ఖాళీయే. ఊపిరాడకపోవడం ఉండదు, మెలకువ వస్తుంది అంతే. ఇన్వర్టర్ మీద నడపాలంటే హ్యూమిడిఫైయర్, గొట్టం వేడి ఆపెయ్యాలి, కరెంటు ఎక్కువ తినేవి అవే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత ఊరు ఎన్ని రాత్రులు చీకట్లో ఉందో చూసినవాణ్ణి, అందుకే తుపాను కబురు వినగానే ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు చూసుకుంటాను.

రైల్లో కూడా తీసుకెళ్తాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లేటప్పుడు లోయర్ బెర్తే అడుగుతాను, మెషిన్ కిటికీ దగ్గర బల్ల మీద పట్టేస్తుంది. నీళ్ల డబ్బా ఖాళీగా ఉండాలి, కుదుపులకి నీళ్లు మోటారులోకి పోతే అంతే సంగతులు. ప్లగ్గు పాయింటు పనిచేస్తుందో లేదో రైలు దువ్వాడ దాటకముందే ఫోన్ పెట్టి చూసుకుంటాను. బెర్తు సన్నం కాబట్టి గోడవైపు తిరిగి పడుకోవడం తప్పదు, అక్కడ నెత్తిమీద గొట్టం మాస్క్ ఒక్కటే పనికొస్తుంది. రైల్వేవాళ్లిచ్చే దిండు మరీ పల్చన, దాని కింద దుప్పటి మడత పెట్టుకుంటే నా చెవికీ భుజానికీ సరిగ్గా సరిపోతుంది.