సరళ యంత్రాల పాఠానికి ఏది మేలు: కిట్టా, వీడియోనా, ఇంట్లో వస్తువులా?

ప్రాథమిక పాఠశాలలో సరళ యంత్రాల పాఠం వచ్చేసరికి ఉపాధ్యాయుల ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. ప్లాస్టిక్ కప్పీలు, మీటలు, చక్రాలు ఉన్న కిట్టు కొని తరగతిలో చూపించడం ఒకటి. స్మార్ట్ టీవీ మీదో ఫోనులోనో వీడియో వేయడం రెండోది. పిల్లల ఇళ్లలోనూ బడి ఆవరణలోనూ ఉన్న పట్టకారు, గడ్డపార, గిలక, ర్యాంపు వంటివాటినే పాఠంగా మలుచుకోవడం మూడోది. మూడు నుంచి ఐదో తరగతి వరకు పరిసరాల విజ్ఞానం చెప్పేవారికి ఈ మూడింటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో, తరగతిలో జరిగిన ఆ పని వార్తగా ఇంటికి ఏ రూపంలో చేరితే బాగుంటుందో ఇక్కడ పరిశీలిద్దాం.

ఏది మేలో తేల్చాలంటే ముందు ఒక కొలబద్ద కావాలి. తులాదండం (మీట), చక్రం-ఇరుసు, కప్పీ, వాలుతలం, చీల, మర (స్క్రూ) అనే ఆరు పేర్లనూ గడగడా అప్పజెప్పగలగడమే కొలబద్ద అయితే ఏ దారిలో వెళ్లినా ఫరవాలేదు, గోడకు తగిలించిన చార్టు ఒక్కటే చాలు. నిజానికి ఆ ఆరింటి జాబితా కూడా అంత పవిత్రమైనదేమీ కాదు. మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న గ్రీకు శాస్త్రజ్ఞుడు హెరోన్ చెప్పిన జాబితాలో అయిదే ఉన్నాయి, వాలుతలం చాలా కాలం తరవాత వచ్చి చేరింది. పేర్లకన్నా ముఖ్యమైన విషయాన్ని 1600 ప్రాంతంలో గెలీలియో విడమరిచి చెప్పాడు. యంత్రం ప్రకృతిని మోసగించి ఉచితంగా ఏమీ ఇవ్వదు, బలం తక్కువ పెట్టే వెసులుబాటు ఇస్తే అంతకు సరిపడా దూరాన్ని మన చేత ఎక్కువ నడిపిస్తుంది. ఇదొక బేరం. ఏమి వచ్చింది, దానికి బదులుగా ఏమి ఇచ్చాము అన్న రెండు సంగతులనూ పిల్లలు తమ చేతులతో తెలుసుకోగలిగితే పాఠం చెప్పినట్టు, లేకపోతే పేర్లు చెప్పినట్టు. మూడు పద్ధతులనూ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచడం న్యాయం.

కిట్టుతో మొదలుపెడదాం. మంచి కిట్టులో తులాదండానికి సమాన దూరాల్లో కొక్కేలు ఉంటాయి, బరువులన్నీ ఒకే తూకంలో ఉంటాయి. ఒక వైపు ఆరో కొక్కేనికి రెండు బరువులు, రెండో వైపు నాలుగో కొక్కేనికి మూడు బరువులు తగిలిస్తే దండం తిన్నగా నిలుస్తుంది, గుణకారం వచ్చిన పిల్లలు రెండు వైపులా పన్నెండే అని తామే కనిపెడతారు. ఇంత శుభ్రంగా లెక్క తేలడం ఇంటి వస్తువులతో కష్టం. అయితే విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఆ 30 మంది మధ్య ఒక్క కిట్టు పెడితే ముందు వరుసలోని నలుగురు తగిలిస్తారు, మిగిలినవారు మెడలు సాచి చూస్తారు. పైగా పాఠం కాగానే, ఏ ముక్క పోతే ఎవరు జవాబు చెప్పుకోవాలో అన్న భయంతో కిట్టు బీరువాలోకి వెళ్లి తాళం పడుతుంది. పిల్లల మనసులో సరళ యంత్రమంటే పసుపు రంగు ప్లాస్టిక్ వస్తువు అన్న ముద్ర మిగిలిపోయే ప్రమాదం అన్నిటికన్నా పెద్దది.

ఒక్క చోట మాత్రం కిట్టుకు సాటి లేదు, అది కదిలే కప్పీ. బావి గిలక లాంటి స్థిరమైన కప్పీ బలాన్ని తగ్గించదు, లాగే దిశను మాత్రమే మారుస్తుంది. పైకి లాగే బదులు కిందికి లాగుతాము కనుక మన ఒంటి బరువు సాయానికి వచ్చి పని తేలికైనట్టు అనిపిస్తుంది. బలం సగమయ్యేది బరువుతో పాటు పైకి కదిలే కప్పీతోనే, అప్పుడు తాడు రెట్టింపు పొడవు లాగాలి. ఈ తేడాను దారపు రీలు, పెన్సిలు పెట్టి చూపించబోతే రీలుకీ పెన్సిలుకీ మధ్య రాపిడి ఎంత ఎక్కువగా ఉంటుందంటే రావలసిన లాభమంతా అందులోనే కరిగిపోతుంది. సగం బలం చాలునని చెప్పి చూపించినది పిల్లల చేతికి సగంలా అనిపించకపోతే వారు ఉపాధ్యాయుడి మాటను నమ్ముతారే తప్ప విషయాన్ని నమ్మరు. నున్నగా తిరిగే కిట్టు కప్పీలు రెండు ఉంటే ఈ చిక్కు తీరిపోతుంది.

వీడియో గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బడికి తేలేనివాటికి అది మంచిదే. పొడవాటి దూలం మీద మనిషి అటూ ఇటూ నడుస్తూ నీళ్లు తోడే ఏతాన్ని ఇవాళ్టి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు. ఓడరేవులోని క్రేనును తరగతికి తీసుకురాలేము. కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా అందించే ఫెట్ (PhET) అనే కంప్యూటర్ అనుకరణల్లో పలక మీద ఇటుకలు పెట్టి సమతౌల్యం చూసేది ఒకటి ఉంది. దాన్ని పిల్లలు తామే కదిలించగలరు కనుక ఊరికే చూసే వీడియో కన్నా అది ఎంతో నయం. కానీ తెర మీద బరువుకు బరువు ఉండదు. గడ్డపారతో బండను లేపే బొమ్మను చూసిన పిల్లవాడికి సులువైందన్న మాట వినిపిస్తుంది, ఎంత సులువైందో చేతికి తెలియదు. మన కొలబద్ద ప్రకారం వీడియో బేరంలోని రెండు వైపులనూ చక్కగా బొమ్మ గీసి చూపిస్తుంది గానీ ఒక్క వైపును కూడా అనుభవంలోకి తేదు. అందుచేత అది పాఠం చివర రావాలి, మొదట కాదు.

ఇంటి వస్తువుల దగ్గరికి వస్తే, వీటిని పొగిడేవారు సాధారణంగా చెప్పే కారణం ఖర్చు లేకపోవడం. అది నిజమే గానీ అసలు బలం అందులో లేదు. ఇంటి వస్తువు పుస్తకంలోని వాక్యాన్ని ప్రశ్నిస్తుంది. పట్టకారునే తీసుకోండి. ఆధారం ఒక కొసన, భారం రెండో కొసన, బలం మధ్యన ఉండే తులాదండానికి ఉదాహరణగా పట్టకారు పేరు తరచూ చెబుతారు. పుల్కాలు తిప్పే చిమటా విషయంలో అది సరైనదే. మన వంటింట్లో వేడి గిన్నె దించే పట్టకారును విప్పి చూస్తే మాత్రం రెండు కాడలనూ కలిపే రివిట్టు కొసన ఉండదు, నోటికి దగ్గరగా, నోటికీ చేతికీ మధ్యన ఉంటుంది. అంటే కత్తెర ఏ కోవలోదో అదీ ఆ కోవలోదే. రివిట్టు నుంచి నోటికి 4 సెంటీమీటర్లు, చెయ్యి పట్టే చోటికి 12 సెంటీమీటర్లు ఉందనుకుంటే, చేతి పట్టుకు మూడు రెట్ల బిగువు గిన్నె అంచు మీద పడుతుంది. దానికి బదులుగా నోరు ఒక్క సెంటీమీటరు మూసుకోవాలంటే చేతులు మూడు సెంటీమీటర్లు దగ్గరికి రావాలి. చిమటాలో ఈ బేరం తలకిందులవుతుంది: బలం నష్టపోయి కదలికను సంపాదిస్తాము, పుల్కా తేలికైనది కనుక ఆ నష్టం మనకు పట్టదు. వక్కలు కత్తిరించే అడకత్తెర ఈ రెండూ కాని ఇంకో రకం, అందులో కీలు ఒక కొసన, వక్క దాని పక్కన, చెయ్యి దూరంగా ఉంటాయి. మూడు రకాల తులాదండాలూ ఒకే ఇంట్లో దొరుకుతున్నప్పుడు వాటిని ప్లాస్టిక్‌లో కొనుక్కోవడం ఎందుకో నాకు బోధపడదు.

అయితే ఇంటి వస్తువు చూపిస్తే చాలు పాఠం అయిపోతుందనుకోవడం కూడా పొరపాటే. కత్తెర ఒక యంత్రం, చీపురు ఒక యంత్రం, తిరగలి ఒక యంత్రం అంటూ పేర్లు అతికించుకుంటూ పోతే అది చార్టుకన్నా ఏ విధంగానూ మెరుగు కాదు. కొలత కలిసినప్పుడే ఈ పద్ధతి నిలుస్తుంది, అలా కొలవబోయినప్పుడే చిక్కులూ వస్తాయి. 30 సెంటీమీటర్ల చెక్క స్కేలును పెన్సిలు మీద పెట్టి రూపాయి నాణేలతో తూచే ప్రయోగం అందరికీ తెలిసినదే. ఆధారాన్ని 10వ సెంటీమీటరు దగ్గర పెట్టి, పొట్టి వైపు కొసన నాలుగు నాణేలు, పొడుగు వైపు కొసన రెండు నాణేలు ఉంచితే లెక్క ప్రకారం స్కేలు తిన్నగా నిలవాలి. నిలవదు, పొడుగు వైపు కిందికి వాలిపోతుంది, ఎందుకంటే స్కేలుకు కూడా బరువుంది, ఆ బరువు ఎక్కువగా పొడుగు వైపే ఉంది. కంగారు పడిన ఉపాధ్యాయుడు నాణేన్ని వేలితో అటూ ఇటూ జరిపి సరిచేస్తే పిల్లలు గమనించకపోరు. స్కేలు తానుగా సమంగా నిలిచే నడిమి చోట దారం కట్టి వేలాడదీసి, నాణేలను కింది వైపున టేపుతో అతికిస్తే పెన్సిలు మీద లాగా దొర్లిపోకుండా ప్రయోగం కుదురుతుంది. నడిమి నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో నాలుగు నాణేలు, అవతల 10 సెంటీమీటర్ల దూరంలో రెండు నాణేలు పెడితే సరిగ్గా తూగుతాయి. ఐదో తరగతి పిల్లలకు ఇది పట్టుబడ్డాక 10వ సెంటీమీటరు ప్రయోగాన్ని మళ్లీ తెచ్చి, ఎందుకు కుదరలేదో వారినే ఆలోచించమనవచ్చు.

కప్పీల విషయంలో కిట్టు లేని బడికి కూడా ఒక ఉపాయం ఉంది. ఇద్దరు బలమైన పిల్లలు ఎదురెదురుగా నిలబడి చెరొక నున్నటి కర్రను రెండు చేతులతో అడ్డంగా పట్టుకోవాలి. ఒక కర్రకు తాడు కొస కట్టి, రెండు కర్రల మధ్యా నాలుగు పోగులు వచ్చేలా అటూ ఇటూ చుట్టి, మిగిలిన కొసను తరగతిలో అందరికన్నా చిన్నపిల్ల చేతికి ఇవ్వాలి. కర్రలను దూరంగా ఉంచడానికి ఆ ఇద్దరూ ఎంత ప్రయత్నించినా ఆ చిన్నపిల్ల వాటిని దగ్గరికి లాగేస్తుంది. కర్రలు 30 సెంటీమీటర్లు దగ్గరైతే ఆమె చేతిలోకి దాదాపు 120 సెంటీమీటర్ల తాడు వచ్చి ఉంటుంది. ఆ తాడును అక్కడికక్కడే కొలిపించాలి, లేకపోతే ఇది గారడీగా మిగిలిపోతుంది. తాడుకీ కర్రకీ మధ్య వేళ్లు ఇరుక్కోకుండా చూసుకోవాలని చెప్పనక్కరలేదు.

పదునైన వస్తువుల దగ్గర మాత్రం మూడో దారి ఆగిపోవాలి. కత్తిపీట, గొడ్డలి, ఉలి చీలకు మంచి ఉదాహరణలే, కానీ వాటిని పిల్లల చేత బడికి తెప్పించకూడదు. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ కత్తిపీట మీద కూరగాయలు తరుగుతుంటే దూరం నుంచి చూపించి, అంచు దగ్గర సన్నగా, వీపు దగ్గర మందంగా ఉండే ఆ ఆకారాన్ని గీయమంటే సరిపోతుంది. మరకు సీసా మూత, ఇరుసుకు కుళాయి పిడి చాలు. తక్కువ ఖర్చు ప్రయోగాలకు కొత్త ఆలోచనలు కావాలంటే అరవింద్ గుప్తా పారేసిన వస్తువులతో చేసి చూపించిన ఆటబొమ్మలు ఉన్నాయి. కుప్పం దగ్గరి అగస్త్య ఫౌండేషన్ సంచార ప్రయోగశాలల ద్వారా బడులకు తీసుకువెళ్లే నమూనాలూ ఉన్నాయి.

కనుక నా అంచనా ఇది: తులాదండానికి, వాలుతలానికి ఇంటి వస్తువులు, బడి ఆవరణ మేలు, కదిలే కప్పీకి కిట్టు మేలు, చూడలేని పెద్ద యంత్రాలకు, చేసిన ప్రయోగాన్ని మరోసారి నెమరువేసుకోవడానికి తెర మేలు. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులూ నడిపే బడిలో కిట్టుకు కేటాయించే డబ్బు ఉంటే, మొత్తం పెట్టె కొనే బదులు మంచి కప్పీలు నాలుగు, స్ప్రింగు త్రాసు ఒకటి, కొలిచే టేపు ఒకటి కొనడం తెలివైన పని.

ఇక తరగతి వార్తల సంగతి. ఎక్కువ బడుల్లో ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టడమే వార్త. ‘ఈ రోజు సరళ యంత్రాల గురించి నేర్చుకున్నాము’ అన్న ఒక వాక్యం, చేతిలో కప్పీ పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటో, కింద చప్పట్ల బొమ్మలు. తల్లిదండ్రులకు సంతోషం కలుగుతుంది, కానీ ఏమి నేర్చుకున్నారో తెలియదు. దానికి బదులు పిల్లలు తామే రాసే గోడపత్రిక లేదా వారానికి ఒక కాగితం ఎంతో మేలని నా అభిప్రాయం, అయితే అందులో ఒక కొలత ఉండాలి, ఇంట్లో తేల్చుకురావలసిన ఒక ప్రశ్న ఉండాలి. ‘మీ ఇంటి పట్టకారులో రివిట్టు ఎక్కడ ఉంది, అక్కడి నుంచి రెండు కొసలకూ ఎంతెంత దూరం ఉంది’ అన్న ప్రశ్న ఇంటికి వెళితే, చదువు రాని అమ్మమ్మ కూడా పట్టకారు తీసి చూపిస్తుంది, మర్నాడు తరగతిలో కొలతల పట్టిక తయారవుతుంది.

వాలుతలం పాఠంలో అయితే నిజమైన వార్తే పుట్టవచ్చు. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదన్నది సాధారణంగా పాటించే ప్రమాణం. బడి అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు ఉండాలి. అప్పుడు మనిషి, కుర్చీ కలిసి 72 కిలోలు ఉన్నా, రాపిడిని పక్కన పెడితే, దాదాపు 6 కిలోల బరువును ఎత్తేంత బలంతో నెట్టవచ్చు. పిల్లలు తమ బడి ర్యాంపును టేపుతో కొలిచి, ఎత్తు ఇంత, పొడవు ఇంత, ఉండవలసినది ఇంత అని గోడపత్రికలో రాస్తే అది ప్రధానోపాధ్యాయుడూ గ్రామ పెద్దలూ చదవవలసిన వార్త అవుతుంది. మూడు మీటర్లలోనే ముగిసే ర్యాంపు బయటపడితే ఎవరికైనా ఇబ్బంది కలగవచ్చు, అయినా ఆ వార్తను ఆపకూడదు. వాట్సాప్‌లో ఫొటో పంపక తప్పని పరిస్థితి ఉంటే పిల్లల ముఖాలు కాకుండా వారు రాసిన ఆ కొలతల కాగితాన్ని ఫొటో తీసి పంపడం మంచిది.