స్ట్రక్చర్ ఫీల్డులకు ప్యాక్డ్, అలైన్డ్, వరస మార్పు: ఏది మేలు?

సీ భాషలో స్ట్రక్చర్ అంటే కొన్ని విలువలను (ఫీల్డులను) ఒకే కట్టగా పెట్టుకునే అమరిక. అది మెమరీలో ఎంత చోటు తీసుకుంటుందో చూడ్డానికి నెల్లూరు దగ్గరి ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద పెట్టే సెన్సార్ బోర్డునే తీసుకుందాం. ఒక రీడింగులో నాలుగు ఫీల్డులు: గుంట నంబరు 1 బైటు, సమయం 4, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 2, పీహెచ్ 1. కూడితే 8. ఇదే వరసలో స్ట్రక్చర్ రాసి దాని సైజు చెప్పే సైజాఫ్ చూస్తే మాత్రం 12 వస్తుంది. సమయం 4 గుణిజం ఉన్న చిరునామాలో ఉండాలి కనుక గుంట నంబరు తర్వాత కంపైలర్ 3 బైట్లు ప్యాడింగ్ (ఖాళీ జాగా) పెట్టింది. చివర మరో బైటు, అర్రేలో తర్వాతి రీడింగు కూడా సరిగ్గా కుదరాలని. పది నిమిషాలకొక రీడింగు అంటే రోజుకు 144. 1152 బైట్లు చాలే చోట 1728 పోతాయి.

చాలామంది వెంటనే ప్యాక్డ్ (ప్యాడింగ్ వద్దని కంపైలర్‌కు చెప్పే ఆట్రిబ్యూట్) పెట్టేస్తారు. సైజు 8కి దిగుతుంది నిజమే, కానీ స్ట్రక్చర్ అలైన్‌మెంట్ 1 అయిపోతుంది, అంటే అది ఏ చిరునామాలోనైనా ఉండొచ్చు. కార్టెక్స్ ఎం0 అనే చిన్న ప్రాసెసర్ మీద సమయాన్ని చదవాలంటే జీసీసీ కంపైలర్ ఒక్క లోడ్‌కు బదులు బైటు బైటుగా తెచ్చి షిఫ్టులతో అతుకుతుంది. అక్కడిదాకా నెమ్మదే తప్ప తప్పు లేదు. అసలు ముప్పు ఆ ఫీల్డు చిరునామా తీసి మామూలు 32 బిట్ల పాయింటర్‌లో పెట్టినప్పుడు వస్తుంది. ప్యాక్డ్ అన్న సంగతి పాయింటర్‌కు తెలియదు. ఒక్క లోడ్‌తో చదవబోతే ఎం0 హార్డ్‌ఫాల్ట్‌లో ఆగిపోతుంది. అదే కోడ్ మన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది కాబట్టి టెస్టింగులో దొరకదు. జీసీసీ 9 నుంచి దీనికి వార్నింగ్ దానంతటదే వస్తుంది, దయచేసి దాన్ని ఆపేయకండి.

ఇంకో తప్పు: పంపేవైపు ప్యాక్డ్ ఉండి, అందుకునేవైపు లేకపోవడం. అక్కడ డీఓను 8వ ఆఫ్‌సెట్‌లో (మొదటి నుంచి 8 బైట్ల దూరంలో) వెతుకుతారు. వరసగా వచ్చిన రీడింగుల్లో ఆ చోట ఉండేది తర్వాతి రీడింగు గుంట నంబరు, దాని సమయంలో మొదటి బైటు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఆ అంకెను నమ్మి ఏరేటర్ ఆపితే రొయ్యలకు ప్రాణాంతకం.

అలైన్డ్ పని వేరు: చిరునామా ఏ సంఖ్య గుణిజమై ఉండాలో చెప్పే ఆట్రిబ్యూట్ అది. ఫీల్డు మీద పెడితే అది అలైన్‌మెంట్‌ను పెంచగలదే కానీ తగ్గించలేదు. తగ్గాలంటే ప్యాక్డ్ కూడా తోడుండాలి. సమయానికి అలైన్డ్ 8 ఇస్తే సైజు 16కు పోతుంది. సీ భాష 2011 ప్రమాణమైన సీ11లోని అలైనాజ్‌తో తగ్గించబోతే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. డీఎంఏ (ప్రాసెసర్ చేయి పెట్టకుండా నేరుగా మెమరీకి డేటా చేర్చే పద్ధతి) బఫర్లకు, క్యాష్ లైన్ లెక్కలకు అలైన్డ్ కావాలి. ఈ రీడింగుకు అక్కర్లేదు.

నా ఓటు వరస మార్పుకే. సమయం, డీఓ, గుంట నంబరు, పీహెచ్: పెద్దవి ముందు, చిన్నవి వెనక. ఏ ఆట్రిబ్యూటూ లేకుండానే 8 బైట్లు. సీలో కంపైలర్ ఫీల్డుల వరస మార్చకూడదు, అది మనం చేయాల్సిందే. ప్రోటోకాల్ వరస మన చేతిలో లేనప్పుడే ప్యాక్డ్ పెట్టండి, అదీ ప్యాకెట్ విప్పే ఆ ఒక్క ఫైల్లోనే. ఫీల్డులను మెమ్‌కాపీతో మామూలు స్ట్రక్చర్‌లోకి తెచ్చుకోండి. బైట్ల క్రమం, అంటే ఎండియన్, రెండువైపులా ఒకటో కాదో విడిగా చూసుకోవాలి. ప్యాక్డ్ దాన్ని సరిచేయదు.

వరస మార్చినా, ప్యాక్డ్ పెట్టినా స్ట్రక్చర్ కిందనే స్టాటిక్ అసర్ట్ (కంపైల్ చేసేటప్పుడే షరతు చూసే తనిఖీ) రెండు రాయండి: సైజు 8, డీఓ ఆఫ్‌సెట్ 4 (పాత వరసకే ప్యాక్డ్ పెడితే 5). రేపు ఎవరైనా మధ్యలో ఉప్పుశాతం ఫీల్డు చేరిస్తే, గట్టు మీద బోర్డు పెట్టకముందే బిల్డ్ ఆగుతుంది.