పాత మియాటాకు టర్బోనా, సూపర్‌చార్జరా: ఏది మేలు?

మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5, అంటే అమెరికాలో అందరూ మియాటా అని పిలిచే చిన్న రెండు సీట్ల కారు, 1989లో వచ్చినప్పుడు దాని 1.6 లీటర్ల ఇంజిన్ శక్తి 116 హార్స్‌పవర్ మాత్రమే. 1994 మోడల్ నుంచి వచ్చిన 1.8 లీటర్ల ఇంజిన్ 128తో మొదలైంది. వెయ్యి కిలోలకు అటూ ఇటూగా తూగే కారుకు మలుపుల్లో ఆ శక్తి చాలు, హైవే ఎక్కేటప్పుడు మాత్రం చాలదు. అందుకే ఈ కారు కొన్న తెలుగు మిత్రులు, ముఖ్యంగా టెక్సస్‌లో ఉన్నవారు, ఏడాది తిరగకుండానే టర్బో పెట్టించాలా, సూపర్‌చార్జర్ పెట్టించాలా అని అడుగుతూ ఉంటారు. రెండూ ఇంజిన్‌లోకి అదనపు గాలిని కుదించి తోసేవే: టర్బోను బయటికి పోయే ఎగ్జాస్ట్ వాయువు తిప్పుతుంది, సూపర్‌చార్జర్‌ను ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. అంతకు మించిన వివరణ వదిలేసి, నా దృష్టిలో ఈ తగవును తేల్చే వేడి గురించే ఎక్కువగా రాస్తాను. నా 1995 కారుకు నేను టర్బోనే పెట్టించుకున్నాను కాబట్టి నా మొగ్గు ఎటో దాచవలసిన పని లేదు.

బూస్ట్ (కుదించిన గాలి అదనపు పీడనం) ఇచ్చిన ఇంజిన్‌కు రెండు వేడులు ఉంటాయి. ఒకటి బయట, బానెట్ కింద పోగుపడేది. రెండోది పీల్చిన గాలితోపాటు సిలిండర్ లోపలికి చేరేది. బయటి వేడి గొట్టాలనూ వైర్లనూ పాడుచేస్తుంది, లోపలి వేడి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే పేలడం) తెచ్చి ఏకంగా పిస్టన్‌నే పగలగొడుతుంది. బయట 35 డిగ్రీలున్న రోజున గాలిని 7 పీఎస్‌ఐ (పీడనానికి కొలత) బూస్ట్ వరకు కుదిస్తే, ఏ నష్టమూ లేని ఊహా కంప్రెసర్‌లో సైతం దాని ఉష్ణోగ్రత మరో 36 డిగ్రీలు పెరుగుతుంది. 70 శాతం సామర్థ్యం ఉన్న టర్బోలో ఆ పెరుగుదల 52 డిగ్రీలకు, 55 శాతం దగ్గర తిరిగే, రెండు రోటర్లతో గాలిని తోసే రూట్స్ తరహా సూపర్‌చార్జర్‌లో 66 డిగ్రీలకు చేరుతుంది. అంటే టర్బో నుంచి వెలువడే గాలి 87 డిగ్రీల దగ్గర, రూట్స్ నుంచి వెలువడేది 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంతవరకు తేడా పెద్దది కాదు. అయితే టర్బో గాలి దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ గుండా వెళ్ళి 50 డిగ్రీల దరిదాపులకు దిగాకే ఇంజిన్‌లోకి ప్రవేశిస్తుంది, రూట్స్ గాలి మాత్రం చాలా కిట్‌లలో ఉన్న వేడితో ఉన్నట్టే లోపలికి పోతుంది.

మియాటాకు రూట్స్ సూపర్‌చార్జర్ అనగానే ముందుగా గుర్తొచ్చేది ఈటన్ ఎమ్45 యూనిట్‌తో జాక్సన్ రేసింగ్ తెచ్చిన కిట్. దాని సుగుణాలను నేను కాదనను. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టిన క్షణమే లాగుతుంది, కారు మొదటినుంచీ పెద్ద ఇంజిన్‌తోనే పుట్టిందేమో అనిపిస్తుంది, ఎగ్జాస్ట్ వైపు ఏ భాగాన్నీ ముట్టుకోనవసరం లేదు. ఊళ్ళో తిరగడానికి, 5 లేదా 6 పీఎస్‌ఐతో తృప్తిపడేవారికి అది హాయైన బండి. చిక్కంతా అక్కడితో ఆగలేకపోవడంలోనే ఉంది. పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) మార్చి బూస్ట్ పెంచినకొద్దీ సూపర్‌చార్జర్ మరింత వేగంగా తిరిగి మరింత వేడి గాలిని తోస్తుంది, దాన్ని చల్లార్చేందుకు ఇంటర్‌కూలర్ ఇరికించే చోటు అక్కడ దాదాపు ఉండదు, చివరకు నాకింగ్ రాకుండా ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే వేళ) వెనక్కి తీయవలసి వస్తుంది. డబ్బు పోసి తెచ్చుకున్న శక్తిలో కొంత అలా తిరిగి వదులుకోవడమే అవుతుంది.

టర్బో బయటి వేడి విషయంలో నిస్సందేహంగా దోషి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (సిలిండర్ల పొగను పోగుచేసే గొట్టాలకు) వేలాడే ఆ ఇనుప ముద్ద ఎర్రబడి, చల్లబడి, మళ్ళీ ఎర్రబడుతూ ఉండటం వల్ల దాన్ని పట్టి ఉంచే స్టడ్‌లు (తల లేని బోల్టులు) సాగుతాయి, నట్లు వదులవుతాయి. మియాటా టర్బో యజమానులందరికీ పరిచయమైన బాధ ఇది. మామూలు ఉక్కు స్టడ్‌లకు బదులు వేడిని తట్టుకునే ఇన్‌కొనెల్ మిశ్రలోహపు స్టడ్‌లు వేయించుకుంటే చాలావరకు తీరుతుంది. పక్కనున్న రబ్బరు గొట్టాలకు, వైర్లకు హీట్ షీల్డ్ కట్టాలి. ముప్పై ఏళ్ళ రబ్బరు ఎలాగూ మార్చదగినదే కాబట్టి దాన్ని టర్బో ఖాతాలో రాయడం అన్యాయం. ఇక్కడే నా వాదం తేలుతుంది: బయటి వేడిని అడ్డుకోవడానికి రేకులు, స్టడ్‌లు, గాలి దారులు ఉన్నాయి, లోపలికి చేరిన వేడికి టైమింగ్ తగ్గించడం తప్ప వేరే మందు దాదాపు లేదు.

వేడి మాట వచ్చింది కనుక ఏది పెట్టించినా తప్పనిసరి అని నేననే ఒక మార్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఇంజిన్ కుటుంబం అడ్డంగా కూర్చునే, ముందు చక్రాలతో నడిచే కార్ల కోసం రూపొందింది. అక్కడ కూలెంట్ ఒక చివర లోపలికి వచ్చి, నాలుగు సిలిండర్లనూ దాటి, రెండో చివర బయటికి పోయేది. మియాటాలో ఇంజిన్‌ను నిలువుగా తిప్పాక వెనుక చివర ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడకు) దగ్గరైపోవడంతో, బయటికి పోయే దారినీ కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌నూ ముందుకు తెచ్చారు. ఫలితంగా కూలెంట్ ముందునుంచి వచ్చి ముందునుంచే పోతుంది, అన్నిటికన్నా వెనుకనున్న నాలుగో సిలిండర్‌కు అందవలసినంత అందదు. స్టాక్ శక్తితో, అంటే కంపెనీ ఇచ్చిన శక్తితో, ఇది పెద్దగా కనిపించదు. బూస్ట్ మీద ఎక్కువసేపు నడిపితే మాత్రం ముందుగా దెబ్బతినే ప్రమాదం ఆ సిలిండర్‌కే ఎక్కువ. థర్మోస్టాట్‌ను మళ్ళీ వెనక్కి జరిపే కూలెంట్ రీరూట్ కిట్ వేయించి, పెద్ద అల్యూమినియం రేడియేటర్ పెట్టించి, గాలి పక్కలనుంచి తప్పించుకోకుండా ముందు భాగంలో రేకులు మూయించాకే బూస్ట్ సంగతి ఆలోచించాలి. టర్బోతో వచ్చే ఇంటర్‌కూలర్ రేడియేటర్‌కు ముందు నిలబడి దానికి అందే గాలిని కొంత తగ్గిస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త టర్బోవారికి రెట్టింపు అవసరం.

ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) విషయంలో పొదుపు చేయబోతే అసలుకే ఎసరు. 1.6 కార్లలో గాలిని కొలిచే రెక్క పూర్తిగా తెరుచుకున్న తరువాత ఇంకెంత గాలి వచ్చినా ఈసీయూకు తెలియదు, తగినంత ఇంధనం ఇవ్వదు. పాత కిట్‌లలో ఇంధన పీడనాన్ని పెంచే రెగ్యులేటర్‌తో కాలక్షేపం చేసేవారు కానీ ఈ రోజుల్లో ఆ దారి పట్టవలసిన అవసరం లేదు. కంపెనీ దానికి బదులు పెట్టే మెగాస్క్విర్ట్ వంటి స్టాండలోన్ ఈసీయూ, పెద్ద ఇంజెక్టర్లు, గాలి, ఇంధనాల పాళ్ళు చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్, తెలిసిన ట్యూనర్ చేతి పని, ఈ నాలుగూ కలిపి ఒకే ఖర్చుగా లెక్క వేసుకోవాలి. టర్బోవైపు నేను మొగ్గడానికి మరో కారణం కూడా ఇక్కడే ఉంది. పిస్టన్‌లను క్రాంక్‌కు కలిపే స్టాక్ కనెక్టింగ్ రాడ్లు, ఐదు గేర్ల గేర్‌బాక్స్ భయపడేది గరిష్ఠ హార్స్‌పవర్‌కు కన్నా తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఒక్కసారిగా వచ్చిపడే టార్క్‌కు (తిప్పే బలానికి). ఈసీయూ అదుపు చేసే టర్బోలో ఏ ఆర్‌పీఎమ్ దగ్గర ఎంత బూస్ట్ ఇవ్వాలో మనమే నిర్ణయించవచ్చు. నా కారును చక్రాల దగ్గర 200 హార్స్‌పవర్‌లోపే ఆపాను. స్టాక్ రాడ్లతో అంతకు మించి ఆశపడవద్దని నా సలహా.

ఇతర దారులూ ఉన్నాయి. రోట్రెక్స్ వంటి సెంట్రిఫ్యూగల్ (పంకాలా తిరిగి గాలిని తోసే) సూపర్‌చార్జర్‌కు ఇంటర్‌కూలర్ పెట్టవచ్చు, బానెట్ కింద వేడీ తక్కువే, ట్రాక్ మీద తిప్పేవారికి బాగుంటుంది. కానీ ధర ఎక్కువ, అసలు ఊపంతా ఆర్‌పీఎమ్ బాగా ఎక్కాకే వస్తుంది. అసలు ఇంజిన్‌నే తీసేసి హోండా కె24 ఇంజిన్ పెట్టించుకోవడం వేరే లెక్క, వేరే బడ్జెట్. 2004, 2005లలో మాజ్డాయే టర్బో పెట్టి అమ్మిన 178 హార్స్‌పవర్ మాజ్డాస్పీడ్ మియాటా మంచి స్థితిలో దొరికితే ఈ గొడవంతా లేకుండా దాన్ని కొనుక్కోవచ్చు.

1.6 కారు ఉన్నవారు డిఫరెన్షియల్‌ను (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను) కూడా బడ్జెట్‌లో చేర్చుకోవాలి. ఆ కార్లకు వచ్చిన 6 అంగుళాల రింగ్ గేర్ బూస్ట్‌కు ఎక్కువ కాలం నిలవదు, 1.8 కార్లలోని 7 అంగుళాలది నిలుస్తుంది. 1.8 బ్రేకులు కూడా పెద్దవే కాబట్టి రెండూ ఒకే పాత కారునుంచి తీయించుకుంటే చవకగా తేలుతుంది. క్లచ్ ఎలాగూ మార్చాలి. 1995 తరువాతి కార్లలో డాష్‌బోర్డు మీది ఆయిల్ ప్రెషర్ ముల్లు పేరుకే మీటర్, లోపల ఉన్నది స్విచ్ మాత్రమే, ప్రెషర్ సగానికి పడిపోయినా ముల్లు కదలదు. టర్బో బేరింగ్ ప్రాణం ఆయిల్ మీదే ఆధారపడి ఉంటుంది గనుక నిజమైన గేజ్ ఒకటి విడిగా పెట్టించుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి పాత కార్ల గురించి ఇదే అడిగేవారు ముందుగా మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చూసుకోవడం మంచిది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అమెరికాలో రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో నాకింగ్‌ను బాగా తట్టుకునే 93 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది, కాలిఫోర్నియాలో 91తోనే సరిపెట్టుకోవాలి కనుక అక్కడ బూస్ట్ తగ్గించి ట్యూన్ చేయించాలి. పైగా కాలిఫోర్నియా స్మాగ్ (పొగ కాలుష్యం) తనిఖీలో, పెట్టించిన కిట్‌కు ఆ రాష్ట్ర గాలి నాణ్యతా మండలి ఇచ్చిన అనుమతి సంఖ్య ఉందా అని బానెట్ ఎత్తి చూస్తారు. అక్కడుండేవారికి నా వేడి వాదం కన్నా ఆ సంఖ్యే ముఖ్యం. తమ మోడల్ సంవత్సరానికి అనుమతి ఉన్నది రూట్స్ కిట్ ఒక్కటే అయితే, దాన్నే తక్కువ బూస్ట్ మీద పెట్టించుకోమంటాను.