సిమ్యులేటరా, షిఫ్టా: అణు విద్యుత్ కేంద్రం ఆపరేటర్‌కి ఏది ముఖ్యం?

ఆపరేటర్లకి శిక్షణ రెండు చోట్ల దొరుకుతుంది. కంట్రోల్ రూమ్‌కి అచ్చు నకలుగా కట్టిన సిమ్యులేటర్ ఒకటి, సీనియర్ల పక్కన చేసే అసలు షిఫ్టు ఇంకొకటి.

సిమ్యులేటర్‌లో కూలింగ్ పైపు పగలగొట్టొచ్చు, కరెంటు మొత్తం తీసేయొచ్చు, మళ్లీ మొదటి నుంచి చేయించొచ్చు. అసలు రియాక్టర్ మీద అది కుదరదు. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే తెరుచుకునే కవాటం) తెరుచుకునే ఉండిపోయి, రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్లు బయటికి పోయాయి. ప్యానెల్ మీది లైటు మాత్రం వాల్వ్‌కి మూసుకోమని ఆదేశం వెళ్లిన సంగతే చెప్పింది, అది నిజంగా మూసుకుందో లేదో చెప్పలేదు. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఆపరేటర్లు అత్యవసర నీటి సరఫరాను తగ్గించారు. రియాక్టర్‌లో ఇంధనం ఉండే కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది. వాళ్లను తిట్టడం అన్యాయం. అలాంటి పరిస్థితికి సరైన శిక్షణే వాళ్లకి అందలేదు.

షిఫ్టు నేర్పేది వేరు. పంపు శబ్దంలో తేడా పట్టడం, డ్యూటీ మారేటప్పుడు ఏదీ వదలకుండా అప్పగించడం, ఏమీ జరగని అర్ధరాత్రి కూడా మీటర్ల మీద ధ్యాస నిలపడం.

ఖర్చు తగ్గించాల్సి వస్తే సిమ్యులేటర్ గంటల జోలికి వెళ్లొద్దంటాను. షిఫ్టు అనుభవం రోజూ పనిలోనే పోగవుతుంది. ప్రమాదం అనుభవం అలా రాదు, రాకూడదు కూడా. లైసెన్స్ వచ్చాక కూడా ఈ సాధన ఆగకూడదు.