తుప్పు వదిలించే ద్రవం కొన్నాను, కత్తెర పోగొట్టుకున్నాను: జాగ్రత్త

మిద్దె తోట పనిముట్ల తుప్పు వదిలించడానికి ఆన్‌లైన్‌లో సీసా ద్రవం కొనబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి.

మొన్నటి వానల్లో కొమ్మల కత్తెరను డాబా మీదే మరిచిపోయాను. పదేళ్లుగా చేతికి అలవాటైన కత్తెర, పారేయడానికి మనసొప్పలేదు. 349 రూపాయలు పెట్టి పావు లీటరు సీసా తెప్పించాను. సహజ పదార్థాలట, చేతులకు హాని లేదట, రెండు గంటల్లో కొత్తదానిలా మెరుస్తుందట.

మూత తీయగానే ఘాటు గొంతులోకి దిగింది. అప్పుడే ఆగాల్సింది. ప్లాస్టిక్ మగ్గులో పోసి, కత్తెర ముంచి, వంట పనిలో పడ్డాను. తిరిగి వచ్చి పైకి తీస్తుంటే రెండు చుక్కలు మొజాయిక్ నేల మీద పడ్డాయి. పడీ పడగానే సుయ్యిమని పొంగి, తెల్లటి మచ్చలు మిగిల్చాయి. బాత్రూం కడిగే యాసిడ్ చేసే పనే ఇది! సీసాలో ఉన్నదీ ఆ జాతిదేనని నా అనుమానం. లేబుల్ మీద పదార్థాల పేర్లు లేవు, తయారుచేసినవాళ్ల చిరునామా కూడా లేదు.

తుప్పు పోయిన మాట నిజమే. దాంతోపాటు అంచూ పోయింది, సూదితో పొడిచినట్టు గుంటలు. మర్నాటికి ఇటుక రంగు పొడి మళ్లీ తేలింది. మూడో రోజు గులాబీ కొమ్మ కత్తిరిస్తుంటే స్ప్రింగు టక్కున రెండు ముక్కలైంది. గట్టి ఉక్కును యాసిడ్‌లో నానబెడితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుబారుతుందని, స్ప్రింగులకు ఆ ముప్పు మరీ ఎక్కువని మా బావ తర్వాత చెప్పాడు. ముందే అడిగి ఉండాల్సింది! ఇక మెట్ల కింద అరలో ఆ సీసా పక్కనున్న బొరిగెకు చుక్క కూడా తగలకపోయినా తుప్పు పట్టింది. మూత సందుల్లోంచి వచ్చిన ఆవిరి చాలు.

అమ్మినవాళ్లను అడిగితే, తెరిచిన సీసా వాపసు తీసుకోరట, నేనే ఎక్కువసేపు నానబెట్టానట. వాళ్లు చెప్పిన రెండు గంటలు కూడా కాలేదు. ప్యాకెట్ సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా ఉండి తీరాలని నిబంధన ఉంది కాబట్టి, ఫొటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇప్పటికే కొన్నవాళ్లు దాన్ని బ్లీచింగ్ పౌడరుతో మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

అసలు ఈ సీసా అవసరమే లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) రెండు చెంచాలు లీటరు నీళ్లలో కలిపి, స్ప్రింగు విప్పి పక్కన పెట్టి, మిగతా కత్తెరను గంటసేపు ఉంచితే పైతుప్పు మెత్తబడుతుంది. పీచుతో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె పలచగా రాయాలి. వేరుశనగ నూనె వద్దు, ఎండి జిగురు కడుతుంది. బొరిగెను అలాగే బాగుచేసుకున్నాను. దాని చెక్క పిడికి అవిసె నూనె పట్టించాను.

కత్తెర అంచును సానరాయి మీద కొంతవరకు తెచ్చుకోగలననుకుంటున్నాను. స్ప్రింగు విడిగా అమ్మే కొట్టు విజయవాడలో ఎక్కడైనా ఉంటే చెప్పండి.